సున్నిపిండికో లెక్క

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



నిర్వాహకులు నాకు ఫోన్ చేసి, "మీరు ఇంజనీరు కదా, పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు. ముప్పై ఏళ్లుగా పంపులు, పైపులు, ట్యాంకులు చూస్తూ బతుకుతున్నవాణ్ణి. వాటి గురించి చెబితే ముందు వరసలో ఉన్న మాస్టార్లకు నిద్ర వస్తుందని భయం వేసింది. వాళ్ల క్లాసుల్లో మనం నిద్రపోయినదానికి బదులు తీరిపోతుందనుకోండి! అందుకే నాకు పైపులకంటే ముందు తెలిసిన ఒక పరిశ్రమ గురించి మాట్లాడతాను. అది సున్నిపిండి. ఇంట్లో మన చేతులతో చేసి, ఒంటికి రాసుకోమని ఇంకొకరికి ఇచ్చే కానుకలు. ఈ సాయంత్రం మన గురువులకు శాలువాతో పాటు ఇవ్వబోయే పొట్లాల్లో ఉన్నది కూడా అదే. ఆ పొట్లాల సంగతి చివర్లో చెబుతాను.

మల్కాపురం అంటే బయటివాళ్లకు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. 1933లో ఓడరేవు, 1941లో పునాది పడిన సింధియా ఓడల కర్మాగారం, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, తరువాత జింక్, ఎరువులు, ఆ పైన ఉక్కు. మన నాన్నలంతా వీటిలో ఎక్కడో ఒకచోట పనిచేసినవాళ్లే. మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టరు. సాయంత్రం ఇంటికొస్తే మోచేతుల దాకా గ్రీజు. ముందు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, రంపపు పొట్టుతో రుద్దుకుని, ఆ తరువాత 501 బార్ సబ్బుతో కడుక్కునేవారు. చర్మం గరుకుగా తయారయ్యేది. ఆదివారం మాత్రం అమ్మ నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో ఒళ్లు రుద్ది, కుంకుడుకాయ రసంతో తలంటేది. సోమవారం ఉదయానికి ఆ చేతులు మళ్లీ మనిషి చేతుల్లా ఉండేవి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న మంచాన పడ్డారు. ఇల్లు గడవడానికి అమ్మ దగ్గరున్న విద్య అదొక్కటే. పెసలు, శనగలు డాబా మీద ఎండబోసేది. మన ఊళ్లో డాబా మీద ఏది ఆరబెట్టినా సాయంత్రానికి నల్లటి పొడి పడుతుంది కదా, అందుకని పైన పలచటి చీర పరిచేది. నాలుగు వైపులా ఇటుకలు పెట్టడం నా డ్యూటీ. మర పట్టించి, జల్లించి, పావుకిలో పొట్లాలు కట్టి ములగాడ, శ్రీహరిపురం, గాంధీగ్రామ్‌లలో ఇళ్లకు ఇచ్చివచ్చేది. బాలింతలున్న ఇళ్లు, పెళ్లిళ్లయ్యే ఇళ్లు, భోగికీ దీపావళికీ అన్ని ఇళ్లూ.

ఇక్కడ మన బడి సంగతి చెప్పాలి. మన సైన్సు మాస్టారు ఒకరు నెలనెలా నా చేత నాలుగు పొట్లాలు తెప్పించుకునేవారు. ఆయన ఇంట్లో ఉన్నది ఇద్దరు మనుషులు. రెండు పొట్లాలే ఎక్కువ. మిగతావి ఆయన బంధువులకు, స్టాఫ్ రూములో వాళ్లకు కానుకగా ఇచ్చేవారని చాలాకాలం తరువాత తెలిసింది. అలా తీసుకున్నవాళ్లు మరుసటి నెల డబ్బులిచ్చి తెప్పించుకునేవారు. మాకు సాయం చేస్తున్నానని ఆయన ఏనాడూ అనలేదు. "మీ అమ్మగారి పిండి బాగుందిరా" అనేవారు, అంతే. నా పదో తరగతి పరీక్ష ఫీజు, ఆ తరువాత కాలేజీ ఫీజులు ఆ పొట్లాల్లోంచే వచ్చాయి.

అమ్మకు ఇప్పుడు ఎనభై దగ్గరపడుతోంది. చేతి వేళ్లు ముడుచుకుపోయాయి, జల్లెడ పట్టుకోలేదు. ఆ పిండి కొలతలు ఎక్కడా రాసి లేవు. అడిగితే "పెసలు ఇన్ని, కచ్చూరాలు గుప్పెడు, పసుపు చారెడు, బావంచాలు చిటికెడు" అంటుంది. ఆ గుప్పెడు ఎవరి గుప్పెడు? నాకు భయం పట్టుకున్నది అక్కడే. ఆ చెయ్యి లేకపోతే ఆ పిండి కూడా ఉండదు. అందుకని పోయిన వేసవిలో ఒక ఎలక్ట్రానిక్ త్రాసు కొని అమ్మ ముందు పెట్టాను. "తియ్యమ్మా గుప్పెడు" అన్నాను. మూడుసార్లు తీయించి తూచాను. 48 గ్రాములు, 51, 50. మా ప్లాంటులో మీటర్లు కూడా అంత నిలకడగా చూపించవు.

ఆ లెక్క ఇదిగో, ఈ సంచికలో అచ్చవ్వాలనే చదువుతున్నాను. కిలో పిండికి పెసలు 500 గ్రాములు, శనగలు 250, బియ్యం 100, కచ్చూరాలు 50, కస్తూరి పసుపు 50, నీడన ఎండబెట్టిన గులాబీ రేకులు 25, వట్టివేళ్లు 15, బావంచాలు 10. మూలికలన్నీ పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయి.

బావంచాల దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అమ్మ పసిపిల్లలకు చేసే పిండిలో వాటిని వేయదు. "మంట పుడుతుంది" అంటుంది. నేను పుస్తకాలు తిరగేశాను. బావంచాల్లో సోరాలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కొందరికి ఎర్రగా కందుతుంది, నల్ల మచ్చలు పడతాయి, బొబ్బలు కూడా రావచ్చు. బొల్లి వైద్యంలో డాక్టర్లు సోరాలిన్ ఇచ్చి అతినీల లోహిత కాంతి చూపించేది ఈ గుణం వల్లనే. కాబట్టి పసివాళ్లకు ఇచ్చే పిండిలో అవి వద్దు. పెద్దవాళ్లు కూడా ఈ పిండితో స్నానం చేసి వెంటనే ఎండలోకి పోకండి. అనుమానం ఉంటే పూర్తిగా మానేయండి. పిండికి వచ్చిన లోటేమీ లేదు.

రెండోది పసుపు. ఎప్పుడూ పొడి కొనకండి, కొమ్ములు కొనండి. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపిన సంఘటనలు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ పరీక్షల్లో బయటపడ్డాయి. అది రోడ్ల మీద పచ్చగీతలకు వాడిన రంగు. అందులోని సీసం పిల్లల మెదడుకు చేటు. మరీ నిగనిగలాడే కొమ్ములకంటే మట్టి రంగులో ఉన్నవే నయం. మన పాడేరు ఏజెన్సీ పసుపు దగ్గర్లోనే ఉంది. 1956 నుంచి విశాఖ కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కుంకుళ్లు, శీకాయ దొరుకుతాయి. కొన్న డబ్బు కొండమీదికి చేరుతుంది కూడా.

మూడోది మర. మీకు ముందు మిరపకాయలు పట్టించి ఉంటే ఆ సున్నిపిండి రాసుకున్న పెళ్లికూతురు పీటల మీద కూర్చోలేదు! ముందుగా రెండు గుప్పెళ్ల బియ్యం మీ డబ్బులతోనే ఆడించి పారబోయించండి. ఆ తరువాత మీ సరుకు పోయించండి. పట్టిన పిండి వేడి చల్లారాక పలచటి బట్టలో జల్లించాలి. వేడి మీద డబ్బాలో పోస్తే ఆవిరి పట్టి ఉండకడుతుంది. విశాఖ గాలిలో తేమ సంగతి మీకు తెలుసు. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా ఈ పనికి మంచి రోజులు.

ఇది పనిచేసేదెలా అంటే, ముందు రాసిన నూనె చర్మం మీది జిడ్డును, మురికిని వదులు చేస్తుంది. పిండి ఆ నూనెను పీల్చుకుని రాలిపోతుంది. పెసల్లో, శనగల్లో సాపోనిన్లు కొద్దిగా ఉన్నాయి, కుంకుడులో బోలెడు. నురుగు వాటిదే. కుంకుడు చెట్టుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సాపిండస్. లాటిన్‌లో ఆ మాటకు భారతదేశపు సబ్బు అని అర్థం. షాంపూ అన్న మాట కూడా మనదే. ఒళ్లు పట్టడానికి హిందీలో ఉన్న మాటను, పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన రెండు వందల ఏళ్ల క్రితం ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ఇక పార్వతీదేవి నలుగుపిండితో ఏకంగా వినాయకుణ్ణే చేసింది. అంతకు మించిన సరుకు మనం చేయలేం.

ఇప్పుడు సబ్బు. మా ఆఫీసులో కుర్రవాళ్లు వీడియోలు చూసి ఇంట్లో సబ్బులు చేసి పంచుతున్నారు. మంచిదే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉండగా మైసూరు సంస్థానం 1916లో సబ్బుల ఫ్యాక్టరీ పెట్టింది. మన ఓడరేవును సముద్రపు కోత నుంచి కాపాడే ఉపాయం చెప్పినవారు కూడా ఆయనే. ఇంజనీరు సబ్బు గురించి మాట్లాడడం నాతో మొదలవలేదని చెప్పుకోవడానికి ఆ పేరు తెచ్చాను!

సబ్బుకు లెక్క తప్పకూడదు. ఒక్కో నూనెకు ఇంత కాస్టిక్ సోడా అని ఉంటుంది. కొబ్బరినూనె గ్రాముకు 0.183 గ్రాములు, నువ్వుల నూనెకు 0.134, ఆముదానికి 0.128. కొబ్బరినూనె 500 గ్రాములు, నువ్వుల నూనె 400, ఆముదం 100 తీసుకుంటే మొత్తం 157.9 గ్రాములు. అందులో ఐదు శాతం తగ్గిస్తే 150. అలా తగ్గిస్తే కొంచెం నూనె మిగిలి చర్మానికి మెత్తగా ఉంటుంది. కాస్టిక్ మిగిలితే చర్మం కాలుతుంది. నీళ్లు 300 గ్రాములు. చెంచాలతో కొలవకండి, తూచండి.

కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి. నీళ్లను కాస్టిక్ మీద పోస్తే ఎగజిమ్ముతుంది. స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం గిన్నెను కాస్టిక్ తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చంటిపిల్లలు, పిల్లులు ఉన్న గదిలో వద్దు. నేను ఉద్యోగంలో కాస్టిక్‌ను టన్నుల్లో చూస్తాను. 150 గ్రాముల దగ్గర కూడా అదే జాగ్రత్త పడతాను, ఎందుకంటే కంటికి ఒక్క చుక్క చాలు. పోసిన సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరనిచ్చాకే ఎవరికైనా ఇవ్వండి. ఇక్కడున్న పిల్లలూ, సున్నిపిండి మీరు చేయొచ్చు. సబ్బు మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోకండి.

కలబంద గుజ్జు, రోజ్ వాటరు కలిపి క్రీములు చేసి సీసాల్లో పంచేవాళ్లకు ఒక మాట. నీళ్లున్న చోట బూజు పుడుతుంది, మీ కంటికి కనబడకముందే పుడుతుంది. ఇంట్లో చేసేవాళ్లకు పొడి, నూనె, సబ్బు ఈ మూడే క్షేమం. ఇంకొకటి, ఇది కానుకగా ఇచ్చేంతవరకే ఇంటి పని. అమ్మకం మొదలుపెడితే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. మన ఊరి అక్కచెల్లెళ్లెవరైనా ఆ దారిలో వెళ్తానంటే ఆ కాగితాల పనిలో నేను కూడా కూర్చుంటాను.

ఇప్పుడు పొట్లాల సంగతి. పోయిన నెలలో మా బ్యాచ్‌వాళ్లం పదకొండు మందిమి మా ఇంటి డాబా ఎక్కాం. ఒకడు బ్యాంకు మేనేజరు, ఒకామె హెడ్‌మిస్ట్రెస్, ఒకడు నేవీలో రిటైరయ్యాడు. అమ్మ కుర్చీలో కూర్చుని అందరినీ కసిరింది. జల్లెడ అలా పట్టుకుంటారా అని నేవీవాణ్ణి లేపేసింది. రెండు రోజుల్లో పన్నెండు కిలోలు చేశాం. పావుకిలో చొప్పున నలభై ఎనిమిది పొట్లాలు. బావంచాలు వేయలేదు, ఎవరి ఒళ్లు ఎలాంటిదో మనకు తెలియదు కదా. ప్రతి పొట్లం మీద ఏమేం వేశామో, ఏ రోజు పట్టించామో, ఆరు నెలల్లో వాడేయమని చేతితో రాశాం. దస్తూరీ బాగాలేకపోతే మాస్టార్లు క్షమించాలి, అది మీరు దిద్దిన దస్తూరీయే. అందులో ఒక పొట్లం మన సైన్సు మాస్టారి ఇంటికి నేనే తీసుకువెళ్తున్నాను. ఆయన లేరు. అమ్మగారు ఉన్నారు.

నా కోరిక ఒకటే. ఏటా సెప్టెంబరు 5న ఒక్కో బ్యాచ్ ఈ పని తీసుకోవాలి. వేసవిలోనే పిండి పట్టించి పెట్టుకుని, రిటైరైన గురువుల ఇళ్లకు స్వయంగా వెళ్లి ఇచ్చి రావాలి. పొట్లం కొరియర్‌లో పంపొద్దు. వెళ్లి తలుపు తట్టి, పది నిమిషాలు కూర్చుని, వాళ్లెలా ఉన్నారో చూసి రండి. వచ్చే ఏడు ఏ బ్యాచ్ తీసుకుంటుందో ఈ సభ అయ్యేలోపు పేరు ఇవ్వండి. త్రాసు, జల్లెడ నా దగ్గర ఉన్నాయి. కొలతలు ఇప్పుడు మీ దగ్గర కూడా ఉన్నాయి.

గురువులకు చివరి మనవి. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి ఒక రోజు చూడండి, దురద లేకపోతేనే వాడండి. తడిచెయ్యి పెట్టకండి. డబ్బా మూత గట్టిగా పెట్టుకోండి.