పెద్దనాయన పంచిన పొలము
(సంతాప సభలో చేసిన ప్రసంగ పాఠము)



సెక్రటరీగారు మమ్మల్ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. మేము పిల్లలకు ఉర్దూలో పాఠాలు చెప్పి బతికేవాళ్లము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించండి. అయినా ఈ రోజు ఎవరిని తలచుకుంటున్నామో ఆయనకు ఉర్దూ రాదు. దూదేకుల ఇంట పుట్టి, తెలుగే మాట్లాడి, దువా కూడా తెలుగులోనే చేసుకున్న మనిషి. కాబట్టి ఆయన ముచ్చట తెలుగులో చెప్పడమే న్యాయము. తన పేరు అచ్చులో వేయవద్దని ఆయన బతికుండగానే చెప్పిపెట్టినారు. సంఘానికి చందా ఇస్తే రసీదులో ‘ఒక రైతు’ అని రాయించుకునేవారు. మేమంతా పెద్దనాయనా అని పిలిచినాము, ఈ కాగితములోనూ పెద్దనాయనే. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

ఆయన వయసుకు కాగితము లేదు. తుంగభద్ర డ్యాము నీళ్లు కాలువలకు వదిలిన ఏడు, అంటే 1953లో, తనకు మీసాలు మొలుస్తున్నాయని చెప్పేవారు. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడి మన కర్నూలు రాజధాని అయింది. 1956లో ఆ రాజధాని హైదరాబాదుకు పోయింది. “రాజధాని వచ్చె, మూడేండ్లకు పాయె. కాలువ వచ్చె, మా చేని దాకా రాకపాయె” అని నవ్వేవారు. దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఎన్నో పొలాలు తడిసినాయి గాని, పెద్దనాయన పద్దెనిమిది ఎకరాల నల్లరేగడి మాత్రము కడదాకా వాననే నమ్ముకొని ఉండింది. జొన్న, కొర్ర, పత్తి. శెనగ తరువాత వచ్చింది.

ఆయనకు కార్తెలన్నీ నోటికి వచ్చు. మా బడి పిల్లలను ఒకసారి చేనికి తీసుకుపోతే, “హిజ్రీ నెల ఏటా పది పదకొండు దినాలు ముందుకు జరిగిపోతాది. రంజాను ఎండలోనూ వస్తాది, చలిలోనూ వస్తాది. ఉపవాసానికి చంద్రుడు చాలు, విత్తనానికి కార్తె కావాల” అని పిల్లలకు చెప్పినారు. తెల్లజొన్న ఉత్తరలో వేయవచ్చు, హస్తలో వేయవచ్చు, చిత్త దాటితే ఆశ వదులుకోవాలనేవారు. మేము భూగోళము పాఠములో ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేదు.

పాతర సంగతి కూడా చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియదు. వాళ్లింటి ముందర నేలలో జొన్నల పాతర ఉండేది. మూత తీసిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. ఒక పూట గాలి ఆడనిచ్చి, తాడుకు లాంతరు కట్టి లోపలికి దించేవారు. దీపము ఆరితే ఇంకొక పూట ఆగవలసిందే. కొడుకులు తొందరపడినా వినరు. కరువు ఏండ్లలో ఆ పాతరలోనుంచి ఎందరి ఇండ్లకు జొన్నలు పోయినాయో ఈ సభలో కూర్చున్న ముసలివాళ్లకు తెలుసు, మేము పేర్లు చెప్పము.

పాతర అడుగంటిన ఏడు కూడా వచ్చింది. మన మంత్రాలయము, కోసిగి వైపు జనము మూటాముల్లె కట్టుకొని సుగ్గికి పోవడము ఈనాటి మాట కాదు. ఆ ఏడు పెద్దనాయన, పెద్దమ్మ మిరపకాయల కోతకు గుంటూరు జిల్లాకు పోయినారు. పిల్లలను వెంట తీసుకుపోతే నాలుగు చేతులు తోడుండేవి, కూలి కలిసివచ్చేది. ఆరుగురినీ అవ్వ దగ్గర విడిచి, బడి మాన్పించవద్దని అయ్యవారి కాళ్లకు మొక్కినంత పని చేసి పోయినారట. ముగ్గురు ఆడపిల్లలూ పది దాకా చదివింది అట్లానే.

పెద్దమ్మ చివరి నాలుగేండ్లు మంచము పట్టింది. కోడండ్లు లేక కాదు, ఉన్నారు, మంచివాళ్లే. అయినా ఆమెకు రొట్టె ఈయనే తట్టేవారు. జొన్నపిండి వేడినీళ్లతో కలిపి, పలకమీద చప్పుడు చేస్తూ తడుతుంటే వీధిలో పోయేవాళ్లు తొంగిచూసి నవ్వేవాళ్లు. “నలభై ఏండ్లు ఆమె తట్టింది, నేను తిన్నాను. ఇప్పుడు ఆమె తింటాది” అనేవారు. రొట్టె తునిగి పప్పులో నానబెట్టి తినిపించేవారు. మేము ఒక దినము సాయంత్రము పోయి ఈ పని చూసినాము. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పకుండా ఉంటే బాగుండేదని తరువాత చాలాసార్లు అనుకున్నాము.

2009 అక్టోబరు 2. తుంగభద్ర పొంగి మంత్రాలయము మునిగినది, కర్నూలు పట్టణము మునిగినది. పెద్దనాయనకు ఏటి వైపు ఉన్న చెక్క ఇసుక మేట వేసింది. డెబ్బై దాటిన మనిషి గంప పట్టుకొని ఇసుక ఎత్తుతుంటే మేము పోయి పలకరించినాము. ఆ మాట ఈ మాట అయినాక అన్నారు: “సారూ, ఈ ఊరు ముందు మంచాల. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ స్వామికి ఇచ్చిన ఊరని మఠమోళ్లే చెప్తారు. ఆయప్ప ఎన్ని యుద్ధాలు చేసినాడో యాడా చెప్పరు. భూమి ఇచ్చినాడని మాత్రము ఇన్ని వందల ఏండ్లయినా చెప్తానే ఉండారు.” మేము చరిత్ర అని విని ఊరుకున్నాము. ఆయన మనసులో ఏముందో అప్పుడు తెలియలేదు.

ఇసుక ఎత్తడము అయినాక ముగ్గురు కొడుకులనూ, ముగ్గురు కూతుళ్లనూ పిలిపించినారు. పొలము తొమ్మిది వంతులు చేస్తే వంతుకు రెండెకరాలు. కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒకటి. అంటే మగవాళ్లకు నాలుగేసి ఎకరాలు, ఆడవాళ్లకు రెండేసి. బతికుండగానే హిబా చేసి స్వాధీనము చేస్తానన్నారు. పెద్దకొడుకు లేచి వెళ్లిపోయినాడు. కట్నము ఇచ్చినాము, పెండ్లిండ్లు చేసినాము, ఇంకా భూమి ఎక్కడిది అని ఊరు కూడా కొడుకు వైపే నిలిచింది. పుట్టింటితో రాకపోకలు ఉండాలంటే ఆడపిల్ల హిస్సా అడగరాదు, మన ఇండ్లలో ఇది రాయని చట్టము.

కొడుకులు మమ్మల్ని పెద్దమనిషిగా పంపినారు. ఇక్కడ మేము సిగ్గు విడిచి చెప్పాలి. మేము పోయి, ఇల్లు చీలిపోతుంది, ఆడబిడ్డలకు డబ్బు రూపములో ఏదైనా ఇచ్చి సంతకాలు తీసుకోండి పెద్దనాయనా అన్నాము. ఆయన గుంటక బాగుచేసుకుంటా ఉన్నారు. తల ఎత్తకుండానే, “సారూ, మీరు బడిలో సూరా నిసా చెప్తారు కదా, దాంట్లో ఆడబిడ్డ భాగము ఉందంటిరే” అన్నారు. ఉంది అన్నాము. “అయితే అరబ్బీలో ఉండేది తెలుగులో చెల్లదా?” అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. షరియత్ చట్టము 1937లో వచ్చినప్పుడు వ్యవసాయ భూమిని విడిచిపెట్టినారు. 1949లో మద్రాసు రాష్ట్రము దానిని సవరించి వ్యవసాయ భూమిని కూడా చేర్చినది, అప్పటికి మన జిల్లా మద్రాసులోనే ఉండింది. ఇది మాకు తెలుసు, పుస్తకములో చదివినాము. తెలిసి కూడా, మా నాయన పోయినప్పుడు మా చెల్లెలి చేత సంతకము పెట్టించుకున్నాము. ఆమె ఏమీ అడగలేదు. మేమూ ఏమీ చెప్పలేదు.

పెద్దనాయన మాట తప్పలేదు. రాళ్లు నాటించి, కూతుళ్లను చేనిలో నిలబెట్టి స్వాధీనము చేసినారు. పాసుపుస్తకాలకు ఏండ్లు తిరిగినారు, అది వేరే కథ. పెద్దకొడుకు రెండు రంజానులకు తండ్రిని పలకరించలేదు. పండుగ నమాజు అయినాక అందరూ అలాయిబలాయి తీసుకుంటుంటే పెద్దనాయన ఈద్గాలో చేతిరుమాలు మడుచుకుంటూ నిలబడి ఉండడము మేము చూసినాము. ఎవరినీ తిట్టలేదు. భర్త పోయి చిన్నకూతురు పిల్లలతో ఊరికి తిరిగివచ్చిన ఏడు, హస్త కార్తెలో ఆమె చేనికి గొర్రు కట్టే మనిషి దొరకలేదు. పదును ఆరిపోతోంది. తెల్లవారి చూస్తే పెద్దకొడుకే ఎద్దులు తోలుకొని వచ్చి సాళ్లు పోస్తున్నాడు. తండ్రి గట్టు మీద కూర్చొని చూస్తున్నారు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. మధ్యాహ్నము సద్ది మాత్రము ఒకే గిన్నెలో తిన్నారు.

జనాజా నాడు పెద్దనాయనకు గుస్ల్ చేయించినది ముగ్గురు కొడుకులూ కలిసే. చిన్నకూతురి చేనులో జొన్న కంకి మీద ఉండింది.

నలభై దినాలు అయినాక మేము ఆదోనిలో మా చెల్లెలి ఇంటికి పోయినాము. టీ పెట్టింది. నాయన మూడెకరాలలో నీది ఒక ఎకరా ఉందమ్మా, నీ పేరున రాయిస్తాను అన్నాము. ఆమె చాలాసేపు కప్పు వైపే చూసింది. తరువాత అడిగింది: “బావి ఉండే వైపా భాయీ, రాళ్ల వైపా?”

బావి వైపే అని చెప్పడానికి మాకు కొంచెము సేపు పట్టింది.