విక్రమ్ ఎందుకు కూలింది?

 

ఓటమి మాట ఎత్తగానే అందరూ పట్టుదల గురించి చెబుతారు. నేను కారణం వెతకడం గురించి చెబుతాను.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీదికి దిగుతోంది. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యంగా ఉందన్నారు. ఆ తర్వాత సంకేతాలు ఆగిపోయాయి. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు అప్పటికి బడిపిల్లలు. టీవీ ముందు మేలుకుని కూర్చున్నవాళ్లు మీలోనూ ఉండి ఉంటారు.

దేశమంతా శాస్త్రవేత్తలను ఓదార్చింది. ఇస్రో మాత్రం ఓదార్పు దగ్గర ఆగలేదు, లెక్క తేల్చింది. ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో తోశాయి. చిన్నచిన్న తేడాలు పోగుపడ్డాయి. వాటిని దిద్దుకోవాలంటే ల్యాండర్ చాలా వేగంగా తిరగాలి; సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు అందుకు ఒప్పుకోలేదు. పైగా దిగడానికి ఎంచిన చోటు పొడవూ వెడల్పూ 500 మీటర్లే. ఇదంతా అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ 2023లో నలుగురి ముందూ విడమరిచి చెప్పారు. చంద్రుడి మీద దిగడమంత గొప్ప పని అది అని నా నమ్మకం.

ఆ లెక్కతోనే తర్వాతి యాత్ర చంద్రయాన్-3కి దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం ఎక్కువ పోశారు, నడిమి ఇంజన్ తీసేశారు. ఏవేవి చెడిపోవచ్చో ముందే ఊహించి, చెడినా దిగగలిగేలా తయారుచేశారు. చంద్రయాన్-2 ఆర్బిటర్ తీసిన ఫొటోలు కూడా చోటు వెతకడానికి అక్కరకొచ్చాయి. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఈ రెండో విక్రమ్ చంద్రుడి మీద దిగింది.

మన ఇళ్లలో మాత్రం సప్లీ సంగతి చుట్టాల చెవిన పడకూడదు. మెమో బీరువాలోకి పోతుంది. ‘ఎందుకు తప్పావు?’ అని అడిగేది తిట్టడానికే. అమ్మలారా, అయ్యలారా, ఆ ప్రశ్న జవాబు కోసం అడగండి. పిల్లలు చెప్పగలరు.

రేపు మీరు కట్టిన గోడ బీటలిచ్చినా, రాసిన ప్రోగ్రాం ఆగిపోయినా, జరిగింది జరిగినట్టు ఆ రోజే రాసిపెట్టండి. మర్నాటికి మనసు సాకులు కలుపుతుంది. కొన్నేళ్లకు మీరే పైఅధికారులవుతారు. మీ దగ్గర పనిచేసే కుర్రాడు వణుకుతూ వచ్చి ‘సార్, తప్పు నా దగ్గరే జరిగింది’ అంటే, కూర్చోమనండి. మొత్తం వినండి. ఆ తర్వాతే మీరు మాట్లాడండి.