కారు టైమింగు బెల్టు

మోటారు కారు గలవారికి టైరు అరుగుదల కంటికి కనిపించును. బ్రేకు చెడినచో దాని కీచుధ్వని చెవికి వినిపించును. కంటికిని చెవికిని అందక మూతచాటున పనిచేయుచు, తెగిన క్షణమున ఇంజనునే పాడుచేయగల భాగమొకటి కలదు. అదియే టైమింగు బెల్టు. బయటికి కనిపించు ఫ్యాను బెల్టు వేరు, ఇది వేరు.

ఇంజనులో పిస్టనులు పైకి క్రిందికి ఆడుచు క్రాంకు షాఫ్టును త్రిప్పును. గాలిని లోనికి విడుచుటకును, పొగను వెలికి పంపుటకును వాల్వులు కలవు. వానిని తెరచునది కామ్ షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరుగునంతలో కామ్ సరిగా ఒక చుట్టు తిరుగవలెను. ఈ తాళము తప్పకుండ రెండింటిని కలిపి నడపునది పళ్లుగల ఈ రబ్బరు బెల్టే. అది తెగినచో కామ్ నిలిచిపోవును. పెక్కు ఇంజనులలో, తెరచియున్న వాల్వులను పిస్టనులు వచ్చి గ్రుద్దును; వాల్వులు వంగును. అపుడు బెల్టు ఖర్చుతో పోవలసినది ఇంజను విప్పువరకు వచ్చును.

పూర్వపు అంబాసిడరు కారులో ఈ పనికి ఇనుప గొలుసు ఉండెడిది. విరివిగా తయారైన కార్లలో రబ్బరు బెల్టును తొలుత వాడినది 1962 నాటి జర్మనీ కారు గ్లాస్ 1004. మన దేశమున 1983లో వెలువడిన మారుతి 800 దానిని మధ్యతరగతి గృహములకు తెచ్చినది. నేటికిని కొన్ని ఇంజనులకు గొలుసు, కొన్నింటికి బెల్టు కలదు. మీ కారునకు ఏది కలదో దానితో ఇచ్చిన పుస్తకము చెప్పును. గొలుసు వదులైనచో తరచుగా గలగలమని హెచ్చరించును. బెల్టు సాధారణముగా ఏ హెచ్చరికయు చేయదు. కనుక గడువే మనకు హెచ్చరిక.

ఆ గడువును కంపెనీవారు సాధారణముగా కిలోమీటర్లలోను, సంవత్సరములలోను ఇత్తురు. ఏది ముందు వచ్చిన అదే లెక్క. ఇక్కడనే మన హైటెక్ సిటీ ప్రాంతపువారు మోసపోవుదురు. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిదప మాదాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి ఎంతగా పెరిగినవో మీరెరుగుదురు. సాయంకాలము కార్యాలయములు విడుచు వేళ బయోడైవర్సిటీ కూడలి చెంత కారు కదలదు, మీటరును కదలదు, ఇంజను మాత్రము తిరుగుచునే యుండును. ఒక లెక్క చూడుడు. నిలిచియున్న ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరిగినచో, గంటకు 48,000 చుట్లగును. అదే కారు నిమిషమునకు 2,000 చుట్లతో ఒక కిలోమీటరు పోవుననుకొన్నచో, ఆ గంట 24 కిలోమీటర్లకు సమానము. ఏటికి 250 పనిదినములు, దినమునకు ఒక గంట చొప్పున, మీటరునకెక్కని ప్రయాణము 6,000 కిలోమీటర్లు! దీనికి తోడు మన వేసవి వేడిమి రబ్బరును త్వరగా ముదురజేయును. కనుక మీటరు తక్కువ చూపినను, ఏండ్ల గడువు దాటనీయకుడు.

ఇక ఎంపిక. చూపునకు ఒకే తీరుగ నున్న బెల్టులలో పళ్ల సంఖ్యయు, పంటి ఆకారమును వేరుగా నుండవచ్చును. కనుక కారు మోడలును, ఛాసిస్ నంబరును చెప్పి, భాగపు నంబరు సరిచూచి, బిల్లుతో కొనవలెను. దానిని మడిచి పెట్టరాదు, నూనె తగులనీయరాదు. బెల్టును బిగించి పట్టు టెన్షనరును, బెల్టుతోనే తిరుగునదైనచో నీటి పంపును కూడ అప్పుడే మార్చుట మేలు. పాత టెన్షనరు బేరింగు పట్టుకొనినచో కొత్త బెల్టైనను తెగును. ఆయిలు సీలు కారుచున్నచో మొదట దానిని బాగుచేయింపవలెను. బిగించిన పిదప మెకానిక్కు ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు కలిసినవో లేదో చూచిన తరువాతనే స్టార్టు చేయవలెను. తేదీని, కిలోమీటర్లను వ్రాసి మూతపై అంటింపుడు.

పాత కారు కొన్నవారు, బెల్టు మార్చిన బిల్లు చేత లేనిచో, మార్చలేదనియే ఎంచవలెను. ఔటర్ రింగు రోడ్డుపై ఇంజను హఠాత్తుగా ఆగి, తాళము త్రిప్పినపుడు మామూలుకంటె తేలికగా, వేగముగా తిరుగుచున్నట్లు వినిపించినచో, మరల మరల త్రిప్పకుడు. ప్రతి ప్రయత్నము నష్టమును పెంచవచ్చును. కుటుంబమును రోడ్డు అంచునకు దాటించి, బండిని లాగించి తీసికొనిపొండు. అంతవరకు రానీయకుండుట మాత్రము మీ చేతిలోనే యున్నది. రేపు కారు తీయుటకు ముందు ఆ పుస్తకము ఒక్కమారు తెరచి చూడుడు.