పేగు పూత – వంశమా, సూక్ష్మజీవులా? (ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ చదివి ఫౌజులో చేరి, సుబేదారుగా రిటైరైన ప్రకాశం జిల్లా వాణ్ణి. ఈ జబ్బు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్నే ఎందుకు అడిగారంటే, పదిహేనేళ్ళకు పైగా అది నాతో కాపురం చేస్తోంది గనుక. చెప్పేది విరేచనాల సంగతి. భోజనాలకు ముందు ఎందుకు పెట్టారో ఆయన్నే అడగండి.

2009లో పంజాబులో ఉన్నాను, నాయబ్ సుబేదారుగా. రోజుకు ఎనిమిది పదిసార్లు పరుగు, జిగట, నెత్తురు. అమీబా అనుకున్నాను. ఎం.ఐ. రూముకు పోతే కేటగిరీ పడుతుంది, ప్రమోషన్ ఆగుతుందని భయం. బజారులో మెట్రోనిడజోల్ బిళ్ళలు కొనుక్కుని, ఆపుతూ మొదలుపెడుతూ అయిదు నెలలు మింగాను. తొమ్మిది కిలోలు తగ్గాను. చివరికి ఒకరోజు ఫాలిన్‌లో కళ్ళు తిరిగి పడితే కుర్రాళ్ళు మోసుకుపోయారు.

సైనిక ఆసుపత్రిలో కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించి, అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. అంటే పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి నెత్తురోడడం. దీనికి తోడబుట్టిన జబ్బు ఇంకోటుంది, క్రోన్స్. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ మందమంతా పాకుతుంది. మన దేశంలో దాన్ని చూసి పేగు టీబీ అనుకోవడం, టీబీని చూసి అదనుకోవడం రెండూ జరుగుతుంటాయి. ఇవన్నీ తెల్లవాళ్ళ జబ్బులనుకునేవాణ్ణి. నేనున్న ఆ పంజాబులోనే లూధియానా డాక్టర్లు ఇల్లిల్లూ తిరిగి లెక్కతీసి 2003లో ప్రచురించారు: కొలైటిస్ ఉన్నవాళ్ళు లక్షకు 44 మంది.

మంచం మీద పడుకున్నప్పుడు నన్ను తొలిచింది పుండు కాదు. ఇంటి దగ్గర ఆడపిల్ల ఉంది. ఇది దానికీ ఇచ్చానా? మేజర్ డాక్టరమ్మను అదే అడిగాను. ఆవిడ నా మంచం పక్కన కూర్చుని చెప్పింది, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నది, కలిపి చెబుతాను.

అచ్చు ఒకేలా పుట్టిన కవలలకు జన్యువులు ఒకటే. వంశమే మొత్తం కారణమైతే ఒకరికొస్తే రెండోవారికీ రావాలి. క్రోన్స్‌లో సగం జంటల్లో కూడా అలా జరగడం లేదు, కొలైటిస్‌లో ఇంకా తక్కువ. క్రోన్స్‌కు సంబంధించి 2001లో నాడ్2 అనే జన్యువు దొరికింది. అది సంత్రీ లాంటిది, పేగులోని బ్యాక్టీరియా గోడ ముక్కను గుర్తుపడుతుంది. అది చెడితే గేటు దగ్గర గందరగోళం. అయితే తెల్లవాళ్ళలో కనిపించే ఆ మూడు మార్పులు మన రోగుల్లో బహు అరుదు. ఈ జబ్బులతో సంబంధమున్న జన్యు స్థానాలు ఇప్పటికి రెండువందలు దాటాయి. ఒక్కొక్కటీ చిన్న తోపు తోస్తుందంతే.

మరి మిగతాది? మన ఒంట్లో కణాలెన్నో, సూక్ష్మజీవులూ ఇంచుమించు అన్నే. ఎక్కువ భాగం పెద్దపేగులోనే మకాం. వాటిలో కొన్ని మనం తిన్న పీచును పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి, పెద్దపేగు పొరకు అదే రేషను. అంటే అవి మన లంగరు వాళ్ళు. ఈ జబ్బున్న వాళ్ళలో అలాంటివి తగ్గిపోతాయి. కాపలా కణాలేమో సొంత లంగరు మీదే ఫైరింగ్ మొదలుపెడతాయి, మధ్యలో గోడ కూలుతుంది. జబ్బుకు దారితీసే జన్యులోపం ఉన్న ఎలుకల్ని సూక్ష్మజీవి చొరబడని పెట్టెల్లో పెంచితే వాటికి పేగు వాపు రాలేదు. మామూలు బ్యాక్టీరియా చేరాక వచ్చింది. నాకు బాగా నచ్చిన రుజువు ఇదే. ఇంగ్లండుకు వలసపోయిన మన ఉపఖండం కుటుంబాల్లో కూడా కొలైటిస్ పెరిగింది. రక్తం మారలేదు, మారింది తిండీ పరిసరాలూ. అయిదు నెలలు నేను మింగిన బిళ్ళలు నా లంగరునే చెదరగొట్టి ఉంటాయని నా అనుమానం.

పెరుగు తింటే పోతుందా అని అందరూ అడుగుతారు. పెరుగు మంచిదే, తింటాను. మందు మాత్రం మెసలమైన్. బాగానే ఉన్నాను గదా అని 2014లో మానేశాను, మూడో నెలకు మళ్ళీ నెత్తురు. మోకాలి నొప్పికి పెయిన్ కిల్లర్ వేసుకున్నా కొందరికి తిరగబెడుతుంది. ఎనిమిదేళ్ళు దాటితే పేగు క్యాన్సరు పరీక్ష కోసం మధ్యమధ్య కొలనోస్కోపీ తప్పదు.

కేటగిరీ పడింది. ప్రమోషన్ ఏడాదిన్నర ఆలస్యమైంది గానీ ఆగలేదు.

2021లో అమ్మాయికి సంబంధం వచ్చింది. నేనే చెప్పాను, నాకు ఫలానా ఉందని. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేయలేదు. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. మరుసటేడు ఇంకొకరు వచ్చారు. అప్పుడూ చెప్పాను. అబ్బాయి తండ్రి నేవీలో చేసినాయన. "మీ అమ్మాయికి వస్తుందాండీ?" అని సూటిగా అడిగాడు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే, అయినా వందకు తొంభై మందికి పైగా రాదు, ఎవరికొస్తుందో ముందే చెప్పే జన్యు పరీక్షా లేదు, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మాకు షుగరుంది, మేమూ చెప్పలేదుగా" అన్నాడు. ఇప్పుడు మనవడికి రెండో ఏడు.

మీలో ఎవరికైనా నెత్తురు పడుతూ ఉండి, మొలలనో అమీబా అనో మీకు మీరే చెప్పుకుంటుంటే, భోజనాల దగ్గర నా పక్కన కూర్చోండి. సోమవారం ఈసీహెచ్‌ఎస్‌కు ఇద్దరం కలిసే పోదాం.

జై హింద్.