డబ్బా మార్చకండి

డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు ఉన్నారు. కాల్చిన తూటాల ఖాళీ కేసుల్ని దాచి, ఇంట్లోనే మళ్లీ ప్రైమర్, పౌడర్, బుల్లెట్ అమర్చుకునేవాళ్లూ ఉన్నారు. తూటా పేల్చడం గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నేను దాచడం గురించి మాట్లాడతాను.

మన వంటిళ్లలో ఏదీ కొన్న ప్యాకెట్లో ఉండదు. కందిపప్పు హార్లిక్స్ సీసాలోకి, ఆవాలు బూస్ట్ డబ్బాలోకి వెళ్లిపోతాయి. పేరు రాయక్కర్లేదు, ఏది ఎందులో ఉందో అమ్మ చేతికి తెలుసు. ఈ అలవాటు గరాజ్‌లోకి వస్తే ప్రాణం తీస్తుంది. నేను తెచ్చుకున్నాను కాబట్టే చెబుతున్నాను. రీలోడింగ్ మొదలెట్టిన కొత్తలో, ప్రైమర్ల ట్రేలు చోటు తినేస్తున్నాయని వెయ్యి ప్రైమర్లు ఖాళీ ఆవకాయ సీసాలో పోశాను. రేంజ్‌లో పరిచయమైన పెద్దాయన ఒకరు ఇంటికొచ్చి అది చూసి, చేతిలో కాఫీ కప్పు మెల్లగా కింద పెట్టి, "ఆ సీసా కదపకు" అన్నారు. ఆ గొంతు నాకు ఇంకా గుర్తుంది.

చాలా ప్రైమర్లలో ఉండేది లెడ్ స్టిఫ్నేట్. దెబ్బకి, వేడికి, ఒక్కోసారి ఒంటి మీది స్టాటిక్ కరెంటుకి కూడా పేలుతుంది. సీసాలో ఒకటి పేలితే పక్కవి ఆగవు, అన్నీ ఒకేసారి పేలతాయి, గాజు పెంకులు చుట్టూ ఎగురుతాయి. కంపెనీ ట్రేలో ఒక్కోదానికి ఒక్కో గుంట, మధ్యలో ఖాళీ ఉంటాయి. మనం వృథా అనుకునే ఆ ఖాళీయే కాపలా.

పౌడర్ సంగతి వేరు. స్మోక్‌లెస్ పౌడర్ బయట అంటుకుంటే భగ్గున మండుతుంది. గట్టిగా మూసిన ఇనప పెట్టెలో అంటుకుంటే ఆ మంటే ఒత్తిడై పెట్టెని బాంబు చేస్తుంది. దాని సొంత డబ్బా కొద్దిపాటి ఒత్తిడికే విచ్చుకునేలా చేసి ఉంటుంది. అందుకే గన్ సేఫ్‌లో పౌడర్ పెట్టకండి. అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వారి 495 నంబరు కోడ్ ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా సొంత డబ్బాల్లోనే ఉంచవచ్చు. అది దాటి 50 పౌండ్ల దాకా అయితే అంగుళం మందం చెక్క పెట్టె కావాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. మీ ఊరి నిబంధన ఇంతకన్నా కఠినంగా ఉండొచ్చు, ఫైర్ మార్షల్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి.

డబ్బా మారిస్తే ఇంకో ప్రమాదం, పేరు పోవడం. చాలా పౌడర్లు చూడ్డానికి ఒకే బూడిద రంగు. పిస్టల్ తూటాకి ఐదు గ్రెయిన్లు చాలే త్వరగా మండే రకాన్ని, రైఫిల్ పౌడర్ అనుకుని నలభై గ్రెయిన్లు పోస్తే రైఫిల్ మీ ముఖం ముందే పగులుతుంది. రీలోడింగ్ బల్ల మీద ఎప్పుడూ ఒక్క పౌడర్ డబ్బాయే ఉండాలి. పని కాగానే మిగిలింది అదే డబ్బాలోకి. ఏ పౌడరో అనుమానం వస్తే వాడనే వద్దు.

టెక్సాస్ గరాజ్ వేసవిలో కొలిమి. వాటర్ హీటర్ కూడా చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది. వేడికి పౌడర్‌లోని నైట్రోసెల్యులోజ్ త్వరగా చెడుతుంది. 1911లో తూలాన్ రేవులో ఫ్రెంచి యుద్ధనౌక లిబెర్తె పేలిపోయింది ఇలా చెడిన పౌడర్ వల్లే. ఇప్పటి పౌడర్‌లో చెడకుండా డైఫినైలమైన్ లాంటివి కలుపుతారు, అయినా అవీ ఎప్పటికైనా ఖర్చయిపోతాయి. మూత తీయగానే ముక్కుకి గుచ్చుకునే ఆమ్లపు ఘాటు, ఎర్రటి పొగ, తుప్పు రంగు పొడి కనిపిస్తే పౌడర్ చెడినట్టే. దాన్ని ఇంట్లో ఉంచకండి, కాలవలో పోయకండి. ఎండ పడని చోట, ఇంటికి దూరంగా పెట్టి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని పిలవండి. ఇంట్లో ఉంచుకునే మంచి పౌడర్‌కి ఏసీ ఉన్న గదిలో అల్మరా మేలు.

తయారైన తూటాలకి చల్లదనం, పొడితనం, తాళం చాలు. తుపాకీ ఒక చోట, తూటాలు ఇంకో చోట, తాళంచెవులు వేర్వేరు. లోడ్ చేసిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్ చట్టం ప్రకారం నేరం. పిల్లలకి మీ తాళంచెవి చోటు తెలియదనుకోకండి. పండగ స్వీట్లు ఎక్కడ దాచినా వాళ్లకి తెలుస్తుంది కదా! బల్ల దగ్గర్నుంచి లేచాక చేతులు సబ్బుతో కడగందే పిల్లల్ని ఎత్తుకోకండి, చేతులకంటిన మసిలో సీసం ఉంటుంది.

ఒక ఖాళీ ప్రైమర్ ట్రే తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి, గుంటకీ గుంటకీ మధ్య ఎంత ఎడం ఉందో వేలితో తడిమి చూడండి.