కళాశాల బాలికల బాస్కెట్‌బాలు: శిక్షకుల పాత్ర

కోటవురట్ల నుండి నర్సీపట్నమునకు ఉదయమున పోవు బస్సులో కళాశాలకు వెళ్ళు బాలికలు కనబడుదురు. వారిలో కొందరు హైస్కూలులో చదివిన కాలమున మైదానములో మగపిల్లలకు తీసిపోకుండ పరుగెత్తినవారే. కళాశాలలో చేరిన పిమ్మట వారి ఆట ఆగిపోవును. ఎందుకు మానితివని అడిగినచో, ఒకతె “సాయంకాలము ఆటకు నిలిచినచో బస్సు తప్పిపోవును” అనును. ఇంకొకతె “మా ఇంటిలో ఒప్పుకొనరు” అనును. “నాకు ఆట రాదు” అను సమాధానము మాత్రము అరుదు. కనుక కొరత బాలికలలో లేదు. వారి వెనుక నిలువవలసిన పెద్దలలో ఉన్నది. ఆ పెద్దలను గూర్చి, కళాశాల బాలికల బాస్కెట్‌బాలు జట్టును ఆధారముగ గొని, నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ ఆటలో ఒక్కొక్క పక్షమున అయిదుగురు ఆడుదురు. మైదానము 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. రెండు కొనలను పది అడుగుల ఎత్తున ఇనుప వలయములుండును. బంతి చేజిక్కిన జట్టు 24 సెకండ్లలో దానిని వలయము వైపు విసరవలెను. ఇంత వేగముగ సాగు ఆటలో ఆడువారికి ఆలోచించు వ్యవధి ఉండదు. ఆ ఆలోచన మైదానపు అంచున బల్లమీద కూర్చున్న శిక్షకులది. ఆట మొదటి సగములో రెండు మారులు, రెండవ సగములో మూడు మారులు, నిమిషము చొప్పున ఆట నాపించి తమ వారితో మాట్లాడుటకు వారికి హక్కు కలదు. ఆ నిమిషములో చెప్పగల మాటలు నాలుగైదే. అవి పిల్లల చెవికెక్కవలెనన్నచో వాని వెనుక నెలల సాధన, అంతకు మించి నమ్మకము ఉండవలెను.

బాస్కెట్‌బాలును 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్స్ నైస్మిత్ కనిపెట్టెను. కొలది కాలమునకే స్మిత్ కళాశాలలో బాలికలకు వ్యాయామము నేర్పుచుండిన సెండా బెరెన్సన్ ఆ ఆటను తన శిష్యురాండ్రకు నేర్పినది. 1893 మార్చిలో మొదటి తరగతివారికిని రెండవ తరగతివారికిని జరిగిన పోటీకి పురుషులను రానీయలేదు. ఆమె మైదానమును మూడు భాగములు చేసి, ఎవరి భాగములో వారే ఆడవలెనని నియమించినది. చేతిలోని బంతిని లాగికొనరాదన్నది. పరుగు వలన ఆడపిల్లల ఆరోగ్యము చెడునని, ఆట మొరటుదగునని ఆనాటి పెద్దల భయము. ఆ భయము కొంత ఆమెకును కలదు. నియమములు తరువాత మారినవి. ఆట మాత్రము నిలిచినది. బాలికల జట్టుకు శిక్షకురాలు చేయవలసిన మొదటి పని అప్పుడును ఇప్పుడును ఒక్కటే: ఆడుకొనుటకు వారికి చోటు కల్పించుట.

1974లో టెన్నెసీ విశ్వవిద్యాలయపు మహిళా జట్టుకు పాట్ సమ్మిట్ ప్రధాన శిక్షకురాలైనప్పుడు ఆమె వయస్సు 22 ఏండ్లు. తొలినాళ్ళలో ఆటగత్తెల దుస్తులుతుకుటయు, పోటీలకు పోవు వ్యాను నడపుటయు ఆమె పనులే. 38 ఏండ్లలో ఆమె జట్టు 1,098 ఆటలు గెలిచినది. ఎనిమిది మారులు జాతీయ విజేత అయినది. 2011లో ఆమెకు మతిమరపు వ్యాధి ఉన్నట్లు తేలినది. ఆ సంవత్సరము సహాయక శిక్షకులు ఆమె పనిని పంచుకొని జట్టును నడపిరి. వారిలో ఒకరైన హాలీ వార్లిక్ పూర్వము ఆమె శిష్యురాలే. 2012లో ఆ పదవి ఆమెకే దక్కినది. ఒంటరిగ ప్రారంభించిన పనిని పదిమంది మోయగలుగునట్లు చేయుటయే ఆ గురువు ఘనత అని నా అభిప్రాయము.

నేడు ఆ దేశపు పెద్ద కళాశాలలలో ప్రధాన శిక్షకునికి తోడు సహాయక శిక్షకులు, దేహదార్ఢ్యము చూచువారు, గాయములకు చికిత్స చేయువారు వేరువేరుగ ఉందురు. మన గ్రామీణ కళాశాలలో సామాన్యముగ ఉండునది ఒక్క ఫిజికల్ డైరెక్టరు. కబడ్డీ, వాలీబాలు, పరుగుపందెములు అన్నియు ఆయనవే. అంతమందిని మనము నియమించుకొనలేము. కాని ఆ పనులను పంచుకొనవచ్చును.

మొదటిది మోకాలు. ఎగిరి దిగునప్పుడు మోకాలిలోని కట్టు తెగుట ఈ ఆటలో బాలురకంటె బాలికలకు హెచ్చు. మోకాళ్ళు కొంచెము వంచి, లోపలికి వాలనీయక, మెత్తగ దిగుట నేర్పినచో ఈ ప్రమాదము చాలవరకు తగ్గును. ఆటకు ముందు పావుగంట చాలును. పైస ఖర్చు లేదు. రెండవది రక్తము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. పరుగులో వెనుకబడిన పిల్లను సోమరివని గద్దించుటకు ముందు రక్తపరీక్ష చేయించుట మేలు. ఆ భారమును కళాశాలలోని జంతుశాస్త్ర అధ్యాపకురాలో, దగ్గరి ఆరోగ్యకేంద్రపు నర్సో వహింపవచ్చును.

మూడవది రక్షణ. జట్టు పొరుగూరికి పోవునప్పుడు బాధ్యత గల స్త్రీ ఒకరు వెంట నుండవలెను. స్త్రీలపై లైంగిక వేధింపులను నిషేధించు 2013 నాటి చట్టము క్రీడాస్థలములకును వర్తించును. ఫిర్యాదు ఎవరితో చెప్పుకొనవలెనో మొదటి దినముననే బాలికలకు తెలుపవలెను. గురువు మంచివాడే కావచ్చును. కాని పిల్లల క్షేమము ఒకరి మంచితనముపై మాత్రమే ఆధారపడరాదు.

నాలుగవది ఇల్లు. తల్లిదండ్రులతో ఎదుట కూర్చుండి మాట్లాడని శిక్షకుని జట్టు నిలువదు. ఆట ఎన్ని గంటలకు ముగియును, పిల్ల ఏ బస్సులో వచ్చును, తోడెవరు — ఈ మూడింటికి సరియైన సమాధానము దొరకినచో సగము ఇండ్లలో అభ్యంతరము తొలగును.

మన ఉత్తరాంధ్రలోనే శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరికి బరువులెత్తుట నేర్పిన తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. 2000లో సిడ్నీలో ఆమె కంచుపతకము గెలిచి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ అయినది. పతకము ప్రపంచము చూచినది. ఆ పల్లెలోని తొలి దినములను కొందరే చూచిరి.

ప్రతి బాలికయు పతకము తేనక్కరలేదు. వారమునకు మూడు సాయంకాలములు నిర్భయముగ ఆడుకొని, వెలుగుండగనే ఇల్లు చేరినచో చాలును. వినుచున్న తల్లిదండ్రులలో కూతురు కళాశాలలో చదువుచున్నవారుందురు. ఈ రాత్రి భోజనమువేళ “నీవు ఇప్పుడును ఆడుచున్నావా?” అని ఆమెను అడిగి చూడుడు. ఆమె కారణము చెప్పినచో, ఆ కారణమును తీర్చగలవారు మీ ఇంటిలోనే ఉండవచ్చును.