ఎవరికీ వేయననడమూ ఓటరు మాటే
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



2004 ఎన్నికల్లో నేను ప్రిసైడింగ్ ఆఫీసరును. రిటైరైన మాస్టారొకరు రిజిస్టరులో సంతకం చేసి, "నేనెవరికీ వేయను" అన్నారు. "ఇద్దరిలో కాస్త నయమైనవారికి వేయండి మాస్టారూ" అన్నాను. ఆ హోదాలో నేను అనకూడని మాట అది. "మనసొప్పక వేసినా లెక్కలో అది నా సమ్మతే కదా బాబూ" అన్నారాయన. 49-ఓ నిబంధన ప్రకారం ఆ సంగతి రాసి, సంతకం తీసుకున్నాను. ఏజెంట్లంతా ఆయనకేసే చూశారు. ఇంక రహస్యమెక్కడ?

2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పుతో ఆ రహస్యానికి రక్షణ దొరికింది, నోటా బటన్ వచ్చింది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లొచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. "మరి వృథాయే కదా! కాస్త నయమైనవాడు గెలిస్తే మన పింఛనుకైనా మేలు" అంటుంది మా ఆవిడ. ఆ మాటా కొట్టిపారేయలేను. అయినా 2014లో నేను నోటాయే నొక్కి, మాస్టారికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

నచ్చినవారుంటే వేయండి. లేకపోతే ఇంట్లో కూర్చోక, ఆ మాట బూత్‌కు వెళ్లి చెప్పండి.